ఇంట్లో జామింగ్‌కి చవక ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్: డబ్బు దేనికి పెట్టాలి, దేన్ని వదిలేయాలి

ఎలక్ట్రానిక్ డ్రమ్ కిట్ పెట్టె మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో కనిపించేది శబ్దాల సంఖ్య. అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సిందీ అదే. మాడ్యూల్‌లో (శబ్దాలు పుట్టించే పెట్టెలో) నాలుగు వందల శబ్దాలున్నా, జామింగ్‌లో (నలుగురూ కలిసి సరదాగా వాయించడంలో) చెయ్యి వెళ్ళేది మూడు నాలుగు శబ్దాల కిట్ల మీదికే. శబ్దం నచ్చకపోతే రేపు కంప్యూటర్‌కి కలిపి మార్చేసుకోవచ్చు. స్నేర్ ప్యాడ్ (ఎదురుగా ఉండే ప్రధాన డ్రమ్), కిక్ (కాలితో వాయించే డ్రమ్), హై-హ్యాట్ పెడల్ (జంట తాళాల్ని కాలితో తెరిచి మూసేది) అలా మారవు. కొన్నరోజు ఏవి వచ్చాయో వాటితోనే కాలం గడపాలి, లేదా మళ్ళీ డబ్బు పెట్టాలి. అందుకని తక్కువ బడ్జెట్‌లో కిట్ చూసేటప్పుడు ముందు చూడాల్సింది కాలికీ చేతికీ తగిలే భాగాలు, తర్వాత మాడ్యూల్ వెనకున్న జాక్‌లు. శబ్దాల జాబితా చివర్లో చూసినా చాలు.

స్నేర్

వాయించే దెబ్బల్లో ఎక్కువ భాగం పడేది స్నేర్ మీదే. టామ్‌లు (చుట్టూ ఉండే చిన్న డ్రమ్ములు) రబ్బరువైనా సర్దుకుపోవచ్చు కానీ స్నేర్ మాత్రం మెష్‌ది (జల్లెడలాంటి వల పొర ఉన్నది) ఉండాలన్నది మా మాట. రబ్బరు ప్యాడ్ గట్టిగా ఉంటుంది, గంటసేపు వాయిస్తే మణికట్టుకి తెలుస్తుంది. దాని మీద కర్ర పడ్డ చప్పుడు బల్ల మీద దరువేసినట్టు పక్కగదికి వినిపిస్తుంది. మెష్‌లో గాలి జల్లెడలోంచి పోతుంది కాబట్టి చప్పుడు తక్కువ, బిగువును కూడా మన చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు. 1997లో రోలాండ్ టీడీ-10తో మెష్ హెడ్ (వాయించే పొర) తెచ్చినప్పుడు అది ఖరీదైన వ్యవహారం. ఇప్పుడు ప్రారంభ స్థాయి కిట్లలోనూ వస్తోంది కాబట్టి రబ్బరు స్నేర్‌తో రాజీపడాల్సిన అవసరం పెద్దగా లేదు.

సైజు కూడా చూడాలి. 8 అంగుళాల స్నేర్ మీద రిమ్‌షాట్ (హెడ్‌నీ చుట్టూ ఉన్న రిమ్‌నీ ఒకేసారి కొట్టే దెబ్బ) కొట్టాలంటే చెయ్యి బాగా కుదురుకోవాలి. 10 అంగుళాలైతే కర్ర కొన, మెడ రెండూ ఒకేసారి తగలడానికి చోటుంటుంది. డ్యూయల్ జోన్ అని రాసుంటే హెడ్‌కీ రిమ్‌కీ వేర్వేరు శబ్దాలొస్తాయి. స్నేర్‌కి ఇది తప్పనిసరి, టామ్‌లకి లేకపోయినా నష్టం లేదు.

చవక మెష్ ప్యాడ్లలో ఒక లోపం దాదాపు అన్నిటికీ ఉంటుంది. మెష్ కింద సరిగ్గా మధ్యలో ఒక స్పాంజి శంకువు నిలబడి ఉంటుంది, దాని అడుగున పియెజో సెన్సర్ (దెబ్బ వణుకుని విద్యుత్తుగా మార్చేది). శంకువు మీద పడ్డ దెబ్బ మామూలు కంటే గట్టిగా నమోదవుతుంది. మెత్తగా వాయిస్తున్నా మధ్యలో తగిలినప్పుడల్లా ఒక్కో దెబ్బ ఎగిరిపడుతుంది. కొనేముందు కిట్ దగ్గర కూర్చుని, ఒకే బలంతో అంచు నుంచి మధ్యకి, మధ్య నుంచి అంచుకి నెమ్మదిగా వాయిస్తూ వెళ్ళండి. శబ్దం మెల్లగా మారితే ఫరవాలేదు. ఒక్కచోట మాత్రం ఢామ్మని పేలితే ఆ ప్యాడ్ జీవితాంతం అలాగే ఉంటుంది. మెష్‌ని కొంచెం బిగిస్తే ఈ తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

బిగించేటప్పుడు పక్కపక్క స్క్రూలు తిప్పకూడదు. ఎదురెదురు స్క్రూలని ఒక్కొక్కటి పావు చుట్టు చొప్పున తిప్పుకుంటూ రావాలి. హెడ్ మరీ వదులుగా ఉంటే కర్ర దిగబడి, మెష్ ఊగి, ఒక్క దెబ్బకి రెండు శబ్దాలొస్తాయి. మరీ బిగిస్తే కర్ర అతిగా ఎగురుతుంది. ఆ ఎగురుడుకి అలవాటుపడ్డ చెయ్యి అసలు డ్రమ్ముల మీద తడబడుతుంది.

కిక్: ఇక్కడ పొదుపు చేయొద్దు

తక్కువ ధర కిట్లలో కిక్ మూడు రకాలు. మొదటిది బీటర్ (డ్రమ్ముని కొట్టే సుత్తి) లేని పెడల్. కింద ఒక స్విచ్చో సెన్సరో ఉంటుంది, కాలు నొక్కితే శబ్దం. చప్పుడు చాలా తక్కువ, చోటు కలిసొస్తుంది. కానీ బీటర్ బరువు, వెనక్కి తన్నే తీరు ఉండవు కాబట్టి డబుల్ కిక్‌లు, కాలివేళ్ళతో చేసే పనితనం ఇక్కడ అబ్బవు. రెండోది చిన్న రబ్బరు కిక్ ప్యాడ్, దాని ముందు మామూలు పెడల్. మూడోది మెష్ ఉన్న కిక్ టవర్. జామింగ్ కోసమైతే రెండు మూడు రకాల్లో ఏదైనా సరే, పెడల్ మాత్రం అసలుది ఉండాలి. రేపు మంచి పెడల్ కొనుక్కున్నా, డబుల్ పెడల్ కావాలన్నా ప్యాడ్ అలాగే ఉంచి పెడల్ మార్చుకోవచ్చు. డబుల్ పెడల్ ఆలోచన ఉంటే రెండు బీటర్లూ పడేంత వెడల్పు ప్యాడ్‌కి ఉందో లేదో కొలిచి చూడండి.

టవర్ కిక్‌తో వచ్చే చిక్కు అది ముందుకి జారిపోవడం. కింద ఇనుప ముళ్ళు ఉంటాయి, నున్నటి నేల మీద వాటితో లాభం లేదు. కిట్ మొత్తం పట్టేంత దళసరి తివాచీ వేసి, పెడల్‌ని టవర్ అడుగు పలకకి గట్టిగా బిగిస్తే కదలదు. బీటర్ తగిలేచోట మెష్ మీద ఒక ప్యాచ్ అతికిస్తే హెడ్ ఎక్కువ కాలం నిలుస్తుంది.

హై-హ్యాట్, సింబల్స్

చవక కిట్లలో హై-హ్యాట్ అంటే స్టాండ్ మీద రెండు తాళాలు కాదు, ఒకే ప్యాడ్, కింద విడిగా ఒక పెడల్. బలహీనత ఇక్కడే ఎక్కువ. పరీక్ష తేలిక. ఎనిమిదో నోట్లు (బీటుకి రెండు దెబ్బలు) ఆగకుండా వాయిస్తూ కాలిని అంగుళం అంగుళంగా ఎత్తండి. మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది, వీటి మధ్య ఎన్ని మెట్లు వినిపిస్తున్నాయో చెవిపెట్టి లెక్కేయండి. రెండే మెట్లుంటే రాక్ జామ్‌లో సగం తెరిచిన హై-హ్యాట్ మీద వాయించే ఆ గరగర మీకు దొరకదు. కాలితో మాత్రమే నొక్కినప్పుడు చిక్ అని వస్తోందా, టక్కున నొక్కి వదిలితే స్ప్లాష్ వస్తోందా అన్నదీ చూడండి. కాలు బాగా నొక్కి ఉంచినా మధ్యమధ్యలో తెరిచిన శబ్దం తొంగిచూస్తుంటే మాత్రం చాలాసార్లు అది క్యాలిబ్రేషన్ (పెడల్ స్థానాన్ని మాడ్యూల్‌కి సరిగ్గా నేర్పడం) సమస్య. పెడల్ మీద కాలు లేకుండా మాడ్యూల్ ఆన్ చేసి, సెట్టింగ్స్‌లో సరిచేస్తే పోతుంది.

క్రాష్‌ని (గట్టిగా ఝల్లుమనే సింబల్) కొట్టి వెంటనే అంచు పట్టుకుంటే శబ్దం ఆగాలి. దాన్నే చోక్ అంటారు. రైడ్‌కి (లయ నడిపే పెద్ద సింబల్) బెల్ (మధ్యలోని బుడిపె) విడిగా పలకాలంటే మూడు జోన్ల ప్యాడ్ కావాలి, ఈ ధరలో అది అరుదు. చాలా సింబల్ ప్యాడ్లు వాయించేవాడి వైపున్న భాగంలోనే సరిగ్గా పలుకుతాయి. లోగో అవతలి వైపు, సెన్సర్ ఇవతలి వైపు వచ్చేలా బిగించాలి. తిరగేసి బిగించి ప్యాడ్ పనిచేయడం లేదనుకునేవాళ్ళు తక్కువేం కాదు.

మార్కెట్లో ఉన్నవాటిలో

అలెసిస్ నైట్రో మ్యాక్స్‌లో 10 అంగుళాల డ్యూయల్ జోన్ మెష్ స్నేర్, మూడు 8 అంగుళాల మెష్ టామ్‌లు, మెష్ కిక్ టవర్, 10 అంగుళాల సింబల్స్, 440కి పైగా శబ్దాలు ఉన్నాయి. పాటలు పంపడానికి బ్లూటూత్ ఉంది. కిక్ పెడల్ పెట్టెలోనే వస్తుంది. ఇంకో టామ్, ఇంకో క్రాష్ తగిలించుకోవడానికి మాడ్యూల్ వెనక ఖాళీ జాక్‌లున్నాయి. రెండో క్రాష్ లేకుండా జామ్‌లో చెయ్యి వెలితిగా ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. హై-హ్యాట్ సున్నితత్వం ఈ కిట్ గొప్పతనం కాదు, మాడ్యూల్ శబ్దాలు కూడా పొడిపొడిగానే ఉంటాయి. అయినా పెట్టిన డబ్బుకి చేతికొచ్చే ప్యాడ్లు చూస్తే జామింగ్‌కి మా మొదటి ఓటు దీనికే. పాత నైట్రో మెష్ తక్కువకి దొరికితే అదీ పనికొస్తుంది. తేడా ప్రధానంగా 8 అంగుళాల స్నేర్. దీనికి కింది మెట్టు టర్బో మెష్‌లో కిక్ బీటర్ లేనిది, కిట్లు 10, శబ్దాలు 120. పిల్లలు నేర్చుకోవడానికి బాగుంటుంది, బ్యాండ్‌తో వాయించడానికి చాలదు.

యమహా డీటీఎక్స్402 కుటుంబంలో మూడు మోడళ్ళకీ మాడ్యూల్ ఒకటే. 10 కిట్లు, 287 డ్రమ్, పెర్కషన్ శబ్దాలు, 10 రకాల సాధన పాఠాలు. తేడా అంతా ప్యాడ్లలోనే. 402కేలో బీటర్ లేని కిక్, 432కేలో కేపీ65 కిక్ ప్యాడ్, 452కేలో దానితోపాటు మూడు జోన్ల స్నేర్. ప్యాడ్లన్నీ రబ్బరే. దెబ్బని పట్టుకోవడంలో నిలకడ, ఏళ్ళ తరబడి చెడకుండా ఉండటం వీటి బలం. టెంపో నిలబెట్టుకోవడం మీద పనిచేయాలనుకునేవాళ్ళకి ఆ సాధన పాఠాలు నిజంగా పనికొస్తాయి. అపార్ట్‌మెంట్‌లో రాత్రిపూట వాయించేవాళ్ళు మాత్రం రబ్బరు చప్పుడు గుర్తుపెట్టుకోవాలి. ఈ వరుసలో తీసుకుంటే 402కే వదిలేసి 432కే నుంచి మొదలుపెట్టండి.

రోలాండ్‌లో జామింగ్‌కి సరిపడేది టీడీ-07 మాడ్యూల్ ఉన్న కిట్లతో మొదలవుతుంది. బ్లూటూత్‌తోపాటు యూఎస్‌బీలోనే ఆడియో కూడా వెళ్తుంది. 25 సిద్ధంగా ఉన్న కిట్లు, మనం చేసుకునే వాటికి మరో 25 చోట్లు. మెత్తటి దెబ్బల్ని పట్టుకోవడంలో, హై-హ్యాట్ మెట్లలో పైన చెప్పినవాటికంటే స్పష్టంగా మెరుగు. ధర కూడా ఆ మేరకు ఎక్కువే. రోలాండ్ కిట్లలో చాలావాటికి కిక్ పెడల్, స్టూల్ విడిగా కొనుక్కోవాలి, ధరలు పోల్చేటప్పుడు ఆ లెక్క కలుపుకోండి.

ఒక కంపెనీ ప్యాడ్‌ని ఇంకో కంపెనీ మాడ్యూల్‌కి పెడదామనుకుంటే జాగ్రత్త. హెడ్ దెబ్బ ఎలాగూ పలుకుతుంది. రిమ్, చోక్, బెల్ దగ్గర పేచీ వస్తుంది. కొన్నిటిలో రిమ్ కూడా పియెజో, కొన్నిటిలో స్విచ్చు, మాడ్యూల్ ఒకదాన్ని ఆశిస్తే రెండోది పనిచేయదు. హై-హ్యాట్ పెడల్ అయితే అసలు మార్చొద్దు. ఇంకోటి, డ్యూయల్ జోన్ ప్యాడ్‌కి స్టీరియో కేబులే పెట్టాలి. మామూలు గిటార్ కేబుల్ పెడితే రిమ్ మూగబోతుంది.

నలుగురితో కలిపి వాయించాలంటే

ఇంట్లో జామ్‌కి రెండు దారులు. అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం ఒకటి, స్పీకర్లో వినడం ఇంకొకటి.

హెడ్‌ఫోన్ల దారికి ఒక చిన్న మిక్సర్, ఒక హెడ్‌ఫోన్ ఆంప్ కావాలి. డ్రమ్ మాడ్యూల్ లైన్ అవుట్ (శబ్దాన్ని వేరే పరికరానికి పంపే జాక్) ఎడమ, కుడి రెండూ మిక్సర్‌లోకి. గిటార్‌ని నేరుగా కాకుండా మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ అవుట్ నుంచి, కీబోర్డ్‌ని దాని లైన్ అవుట్ నుంచి, పాడేవాళ్ళ మైక్‌ని మైక్ ఇన్‌పుట్‌కి. మిక్సర్ అవుట్‌ని బెరింజర్ హెచ్ఏ400 లాంటి నాలుగు అవుట్ల హెడ్‌ఫోన్ ఆంప్‌కి ఇస్తే నలుగురూ ఎవరి వాల్యూమ్ వాళ్ళు పెట్టుకోవచ్చు. మిక్సర్ లేకుండా గిటార్‌ని డ్రమ్ మాడ్యూల్ ఆక్స్ ఇన్‌లో (ఫోన్ లాంటివి కలిపే జాక్) గుచ్చితే శబ్దం సన్నగా, జీవం లేకుండా వస్తుంది. గిటార్ పికప్‌కీ ఆక్స్‌కీ ఇంపిడెన్స్ (విద్యుత్ నిరోధం, ఓమ్‌లలో కొలుస్తారు) పొసగదు.

కొన్ని చవక మాడ్యూళ్ళలో హెడ్‌ఫోన్‌కీ లైన్ అవుట్‌కీ కలిపి ఒకటే జాక్ ఉంటుంది. జామింగ్‌కి ఇది పెద్ద అడ్డంకి, కొనేముందు మాడ్యూల్ వెనక్కి తిప్పి చూడండి. ఆక్స్ ఇన్ ఉందా, దానికి విడిగా వాల్యూమ్ ఉందా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.

స్పీకర్ దారిలో గిటార్ ఆంప్ వాడొద్దు. దానిలో కిక్ గుండె ఉండదు, సింబల్ మెరుపు ఉండదు, గట్టిగా పెడితే స్పీకరే దెబ్బతింటుంది. కీబోర్డ్ ఆంప్ గానీ, 10 లేదా 12 అంగుళాల ఫుల్ రేంజ్ పవర్డ్ స్పీకర్ (లోపలే ఆంప్ ఉన్నది) గానీ సరైనది. ఒకే స్పీకర్ ఉంటే లైన్ అవుట్‌లో మోనో అని రాసున్న జాక్ నుంచే తీసుకోండి. రెండోదాన్నుంచి తీస్తే ఒకపక్కకి ప్యాన్ చేసిన (ఆ పక్క స్పీకర్‌లోనే ఎక్కువగా వినిపించేలా పెట్టిన) టామ్‌లు సన్నబడిపోతాయి.

బ్లూటూత్ గురించి సేల్స్‌మన్ సరిగ్గా చెప్పని మాట ఒకటుంది. ఫోన్ నుంచి మాడ్యూల్‌లోకి పాట పంపడానికి బ్లూటూత్ బాగుంటుంది. పాట కాస్త ఆలస్యంగా వచ్చినా మనం విన్నదానితోనే వాయిస్తాం కాబట్టి తేడా తెలియదు. మాడ్యూల్ నుంచి బ్లూటూత్ హెడ్‌ఫోన్లకి మాత్రం కుదరదు. కొట్టాక వంద మిల్లీసెకన్ల పైన ఆలస్యంగా వినిపిస్తే తాళం నిలబడదు. తీగ ఉన్న, చెవిని మూసే హెడ్‌ఫోన్లు తీసుకోండి. 32 నుంచి 80 ఓమ్‌ల మధ్యవైతే మాడ్యూల్ చాలినంత గట్టిగా నడుపుతుంది. ఆడియో టెక్నికా ఎం40ఎక్స్ 35 ఓమ్‌లు, అది సరిపోతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 కొంటుంటే పొరపాటున 250 ఓమ్‌లది తీసుకోకండి, దానికి 32, 80 రకాలు కూడా ఉన్నాయి.

ల్యాప్‌టాప్ చార్జర్ పెట్టి ఆక్స్‌కి కలిపినప్పుడు గుయ్యిమని మోత వస్తే అది గ్రౌండ్ లూప్. చార్జర్ తీసి చూడండి. మోత ఆగితే కారణం అదే, మధ్యలో ఒక ఐసొలేటర్ పెడితే సరి.

కంప్యూటర్‌తో శబ్దం మార్చుకోవడం

యూఎస్‌బీ మిడి (ఏ ప్యాడ్‌ని ఎంత గట్టిగా కొట్టారో చెప్పే సంకేతాలు) ఉన్న ఏ మాడ్యూల్ అయినా కంప్యూటర్‌లోని డ్రమ్ సాఫ్ట్‌వేర్‌ని నడుపుతుంది. ఎంటీ పవర్ డ్రమ్ కిట్, స్టీవెన్ స్లేట్ డ్రమ్స్ 5 ఫ్రీ లాంటివి డబ్బు లేకుండానే దొరుకుతాయి. నైట్రో మ్యాక్స్‌తో బీఎఫ్‌డీ ప్లేయర్ వస్తుంది. చవక మాడ్యూల్ ముందు వీటిలో ఏది పెట్టినా స్నేర్ రోల్ వినసొంపుగా మారుతుంది, ఎందుకంటే ఒకే శాంపిల్ (రికార్డు చేసిన దెబ్బ) మళ్ళీమళ్ళీ పలికే మెషిన్‌గన్ చప్పుడు వీటిలో ఉండదు.

ఇక్కడ శత్రువు ఆలస్యం. విండోస్‌లో అసియో (ఆలస్యం తగ్గించే ఆడియో) డ్రైవర్ వాడండి, బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి పోగేసుకునే శబ్దం) 128 శాంపిళ్ళు పెట్టండి. సెకనుకి 44,100 శాంపిళ్ళ దగ్గర అది 2.9 మిల్లీసెకన్లు. 256 అయితే 5.8, అదీ వాయించదగ్గదే. 1024 పెడితే 23 దాటుతుంది, చెయ్యీ చెవీ విడిపోతాయి. పది మిల్లీసెకన్ల ఆలస్యమంటే డ్రమ్ముకి దాదాపు మూడున్నర మీటర్ల దూరంలో నిలబడి విన్నట్టే కాబట్టి అంతవరకు కంగారు అక్కర్లేదు. బఫర్ తగ్గిస్తే చిటపటలు వస్తున్నాయంటే కంప్యూటర్ అందుకోలేకపోతోందన్నమాట, ఒక మెట్టు పెంచండి.

స్నేర్ కొడితే ఇంకేదో పలుకుతుంటే నోట్ నంబర్లు కలవలేదని అర్థం. జనరల్ మిడి లెక్కలో కిక్ 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42, కాలితో నొక్కినది 44, తెరిచినది 46, క్రాష్ 49, రైడ్ 51. మాడ్యూల్‌లో గానీ సాఫ్ట్‌వేర్‌లో గానీ ఒకవైపు మారిస్తే చాలు.

ట్రిగ్గర్ సెట్టింగ్స్

కొత్త కిట్ బాగాలేదని వెనక్కి పంపేముందు వీటిని ఒక్కసారి చూడండి. సెన్సిటివిటీని మీ అత్యంత గట్టి దెబ్బకి మాత్రమే వెలాసిటీ (దెబ్బ బలానికి మిడి ఇచ్చే అంకె) గరిష్ఠమైన 127కి చేరేలా పెట్టాలి. మామూలు దెబ్బకే 127 వస్తోందంటే ఎక్కువైందన్నమాట, ఇక వాయింపులో హెచ్చుతగ్గులుండవు. గోస్ట్ నోట్లు (చాలా మెత్తటి దెబ్బలు) పలకడం లేదంటే త్రెషోల్డ్ (దెబ్బగా లెక్కించే కనీస బలం) తగ్గించండి. నడిస్తేనే ప్యాడ్ మోగుతోందంటే కొంచెం పెంచండి.

ఒక్క దెబ్బకి రెండు పలుకులు వస్తుంటే ముందు మెష్ బిగించి, తర్వాతే రీట్రిగ్గర్ (రెండో పలుకుని ఆపే సెట్టింగ్) ముట్టుకోవాలి. ఈ విలువ పెంచేకొద్దీ దెబ్బకీ దెబ్బకీ మధ్య మాడ్యూల్ చెవులు మూసుకునే సమయం పెరుగుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో ముప్పై రెండో నోట్ల (బీటుకి ఎనిమిది దెబ్బలు) మధ్య దూరం 62.5 మిల్లీసెకన్లే. మూసుకునే సమయం దాన్ని మించితే రోల్‌లో నోట్లు మాయమవుతాయి.

ఒక ప్యాడ్ కొడితే పక్కది మోగడాన్ని క్రాస్‌టాక్ అంటారు. వణుకు ర్యాక్ గొట్టాల్లోంచే వస్తుంది కాబట్టి ముందు క్లాంపులు బిగించి, టామ్ అంచు సింబల్ కొమ్మకి తగలకుండా జరపండి. అప్పటికీ పోకపోతే తప్పుగా మోగుతున్న ప్యాడ్‌కి క్రాస్‌టాక్ విలువ ఒక్కో అంకె పెంచండి. అతిగా పెంచితే స్నేర్, క్రాష్ కలిపి కొట్టినప్పుడు రెండింటిలో ఒకటి వినిపించదు.

కింది ఇంటివాళ్ళ సంగతి

మెష్ కిట్ నిశ్శబ్దమన్న మాట సగమే నిజం. కర్ర చప్పుడు గోడలు పెద్దగా దాటదు. కిక్ బీటర్ దెబ్బ మాత్రం నేలలోకి దిగి కింది అంతస్తు కప్పు మీద దబదబలాడుతుంది. తివాచీ దీనికి పెద్దగా పనిచేయదు, పల్చటి ఫోమ్ కూడా అంతే. పనిచేసేది టెన్నిస్ బంతుల అరుగు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు తీసుకుని, ఒకదానికొకటి ఎదురుపడేలా దాదాపు 5 సెంటీమీటర్ల వెడల్పు రంధ్రాలు కొట్టి, మధ్యలో బంతులు కూర్చోబెట్టాలి. బంతి వ్యాసం ఆరున్నర సెంటీమీటర్ల పైనే కాబట్టి రంధ్రంలోంచి జారిపోదు, పలకల మధ్య నాలుగు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. స్టూల్ కింద, కిక్ కింద బంతులు దగ్గరదగ్గరగా పెట్టండి, బరువంతా అక్కడే. అరుగు అంచు ఎక్కడా గోడకి తగలకూడదు, తగిలితే శ్రమంతా వృథా. అంత పని పెట్టుకోలేకపోతే రోలాండ్ ఎన్‌ఈ-10 లాంటివి పెడల్ కింద పెట్టుకోవచ్చు. దబదబ తగ్గుతుంది, పూర్తిగా పోదు.

పాతది కొనేటప్పుడు

కర్రల విషయంలో ముందే ఒక మాట: మెష్ మీద నైలాన్ కొన ఉన్న 5ఏ కర్రలు వాడండి. చీలిన చెక్క కొన మెష్‌ని చీరేస్తుంది. పాత కిట్ చూడటానికి వెళ్ళినప్పుడు మీ కర్రలు, హెడ్‌ఫోన్లు, ఒక స్టీరియో కేబుల్ పట్టుకెళ్ళండి. ముందుగా మాడ్యూల్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయించాలి, లేకపోతే అమ్మేవాళ్ళ సెట్టింగ్స్ లోపాల్ని దాచేస్తాయి. అడాప్టర్ అసలుదేనా, వోల్టేజి, పోలారిటీ మాడ్యూల్ అడుగున రాసినదానితో కలుస్తున్నాయా చూడండి. ప్రతి ప్యాడ్‌నీ మెత్తగా, మధ్యస్థంగా, గట్టిగా వాయించండి. మెష్ మధ్యలో వేలితో నొక్కితే అడుగున శంకువు వెంటనే తగలాలి. తగలకపోతే అది అణిగిపోయిందని అర్థం.

ఏదైనా ప్యాడ్ మూగగా ఉంటే దాని కేబుల్‌ని పక్క ప్యాడ్‌కి పెట్టి చూడండి. ఇప్పుడు పక్కది మూగబోతే లోపం కేబుల్‌ది గానీ మాడ్యూల్ జాక్‌ది గానీ. చాలా కిట్లలో తీగలన్నీ ఒకే కట్టగా వచ్చి 25 పిన్నుల ప్లగ్‌తో మాడ్యూల్‌లోకి వెళ్తాయి కాబట్టి ఒక్క తీగ తెగినా కట్ట మొత్తం కొనాలి, బేరంలో అది తగ్గించి అడగాలి. ప్యాడ్‌దే లోపమైతే లోపలి పియెజో మార్చడం చిన్న పని, టంకం వేయడం వచ్చినవాళ్ళు అరగంటలో చేసేస్తారు. విరిగిన క్లాంపులూ విడిగా దొరుకుతాయి. మాడ్యూల్ జాక్‌లో కేబుల్ కదిపితే శబ్దం వచ్చి పోతూ ఉంటే మాత్రం, ధర ఎంత తగ్గించినా ఆ కిట్ తీసుకోకండి.